కంప్యూటర్ సందేహాలు: లైబ్రరీ ఫైలు దొరకనప్పుడు

ఏ ప్రోగ్రామూ తన పనంతా తానే చేసుకోదు. అక్షరాలు గీయడానికి ఒకటి, ఫొటో తెరవడానికి ఒకటి, లెక్కలకు ఇంకొకటి అంటూ బయటి లైబ్రరీ ఫైళ్లను పిలుచుకుంటుంది. పిలిచినప్పుడు అవి పలకకపోతే పని అక్కడే ఆగిపోతుంది. ఈసారి ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల పాఠకులు పంపిన ఈ తరహా ప్రశ్నలు తీసుకున్నాం. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. గీతలు, చుక్కలు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉండాలి.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్లో (విండోస్ 10, 64 బిట్) ఫొటోల ప్రోగ్రాము వేస్తే ‘ఎంఎస్‌వీసీపీ140.డీఎల్‌ఎల్ కనబడలేదు’ అని వచ్చింది. నెట్‌లో ఆ ఒక్క ఫైలూ దొరికితే తెచ్చి సిస్టమ్32 ఫోల్డర్లో పెట్టాను. ఇప్పుడు ఆ మాట పోయి ‘0ఎక్స్‌సీ000007బీ’ అనే నంబరు వస్తోంది. విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేయించుకోమంటున్నారు. తప్పదా అండీ?

జవాబు: అవసరం లేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదు. మీకు వచ్చిన రెండు ఎర్రర్ల మధ్య తేడాలోనే మందు ఉంది. మొదటిది ‘ఫైలు లేదు’ అంటోంది. రెండోది ‘ఫైలు ఉంది కానీ నాకు పనికొచ్చే రకం కాదు’ అంటోంది. 64 బిట్ ప్రోగ్రాముకు 32 బిట్ డీఎల్‌ఎల్ (విండోస్‌లో లైబ్రరీ ఫైలు) ఎదురైనప్పుడు, లేదా ఫైలే చెడిపోయి ఉన్నప్పుడు ఈ రెండో నంబరు వస్తుంది. మీరు తెచ్చింది 32 బిట్ ఫైలు అయి ఉండే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ ఫోల్డర్ల పేర్లు చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు సిస్‌వావ్64 అనే ఫోల్డర్లో ఉంటాయి. పేరుకూ సరుకుకూ పొంతన లేదు. పాత ప్రోగ్రాములు సిస్టమ్32 పేరునే వెతుక్కునేవి కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయింది.

ముందు మీరు తెచ్చిన ఫైలును సిస్టమ్32లోంచి తీసేయండి. ఆ ప్రోగ్రాము సొంత ఫోల్డర్లో కూడా అదే పేరుతో ఇంకో కాపీ పెట్టారేమో చూసి, అదీ తీసేయండి. విండోస్ డీఎల్‌ఎల్‌ను వెతకడం ప్రోగ్రాము ఉన్న ఫోల్డరుతోనే మొదలుపెడుతుంది. ఆ తరువాతే సిస్టమ్ ఫోల్డర్లు, చివర్లో పాత్ అనే జాబితాలో రాసిన ఫోల్డర్లు. కాబట్టి ప్రోగ్రాము పక్కన తప్పు ఫైలు ఉంటే, సిస్టమ్32లో సరైనది ఉన్నా దాని దాకా రాదు.

తరువాత మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ (ఈ డీఎల్‌ఎల్ ఫైళ్లు ఉండే ప్యాకేజీ) దించుకోండి. 64 బిట్‌కు ఎక్స్64, 32 బిట్‌కు ఎక్స్86 అని రెండు ఉంటాయి. రెండూ వేయండి, ఎందుకంటే 64 బిట్ విండోస్ మీద కూడా 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి, వాటి లైబ్రరీలు వాటికి కావాలి. రెండూ కలిపినా 50 ఎంబీ దాటవు. ఒకసారి పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే షాపులో ఏ కంప్యూటరుకైనా పనికొస్తాయి. వేశాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

ఏ ప్యాకేజీ వేయాలో ఫైలు పేరులోని అంకే చెబుతుంది. 100 ఉంటే 2010 ప్యాకేజీ, 110 అయితే 2012, 120 అయితే 2013. 140 అయితే 2015 నుంచి 2022 వరకు అన్నిటికీ కలిపి ఒకటే ప్యాకేజీ, అందులో తాజాది చాలు. 2010, 2012, 2013 మాత్రం దేనికదే. కంట్రోల్ ప్యానెల్‌లో ఇవి వరసగా ఏడెనిమిది కనబడితే ‘ఇన్నెందుకు’ అని పాతవి తీసేసేవాళ్లున్నారు. తీయకండి. ఒక్కోదాని మీద ఏదో ఒక ప్రోగ్రాము ఆధారపడి ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేస్తుంటే 0ఎక్స్80070666 వచ్చిందంటే భయపడకండి. అంతకంటే కొత్తది ఇప్పటికే ఉందని దాని అర్థం. ఉన్నదాన్నే కంట్రోల్ ప్యానెల్‌లో ‘రిపేర్’ చేస్తే సరిపోతుంది. వీసీరన్‌టైమ్140 ఉండి, దాని వెనక ‘_1’ ఉన్న ఫైలు మాత్రమే లేదంటే, మీ దగ్గరున్నది 2019కి ముందటి ప్యాకేజీ. కొత్తది వేస్తే వస్తుంది.

విడి డీఎల్‌ఎల్ ఫైళ్లు పంచే సైట్ల జోలికి మాత్రం ఎప్పుడూ పోకండి. ఆ ఫైలు ఏ వర్షనో, ఎన్ని బిట్‌లదో, దాన్ని ఎవరు ఎక్కించారో తెలియదు. పైగా దాన్ని తెచ్చి సిస్టమ్32 లాంటి చోట పెడుతున్నారంటే ఇంటి తాళం ఊరూ పేరూ తెలియనివాళ్ల చేతిలో పెట్టడమే.

ప్రశ్న: గుణుపురంలో డిప్లొమా చదువుతున్నాను. మా ఊళ్లో ఇంటి దగ్గర నెట్ లేదు. ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. ప్రాజెక్టుకు పైథాన్‌లో పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ కావాలి. నెట్ సెంటర్లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ఇంట్లో వేస్తుంటే ఒకటి వేస్తే ఇంకొకటి కావాలంటోంది. నాలుగుసార్లు తిరిగాను.

జవాబు: మీరు ఒక్కో లైబ్రరీని విడిగా దించడమే ఇబ్బంది తెచ్చింది. పాండాస్‌కు నంపై కావాలి, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు నంపైతో పాటు పిల్లో లాంటివి ఇంకో పది దాకా కావాలి. ఈ గొలుసును చేత్తో లెక్కపెట్టుకోలేం. ఆ పని పైథాన్‌కు లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్‌కే వదిలేయాలి.

ముందు ఇంట్లో ‘పైథాన్ --వర్షన్’ కొట్టి నంబరు రాసుకోండి. ఉదాహరణకు 3.11 అనుకుందాం. 64 బిట్ పైథానేనా అన్నది కూడా చూసుకోండి. పైథాన్ తెరిచినప్పుడు మొదటి వరుసలో ‘64 బిట్’ అని కనిపిస్తుంది. తరువాత నోట్‌ప్యాడ్‌లో మీకు కావలసిన లైబ్రరీల పేర్లు వరసకు ఒకటి చొప్పున రాసి, రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ అని సేవ్ చేయండి. నెట్ సెంటర్లో ఆ ఫైలున్న ఫోల్డర్లో ఈ ఆదేశం ఇవ్వండి:

పిప్ డౌన్‌లోడ్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ -డీ సంచి --ప్లాట్‌ఫామ్ విన్_ఏఎండీ64 --పైథాన్-వర్షన్ 311 --ఓన్లీ-బైనరీ=:ఆల్:

నెట్ సెంటర్లో వేరే వర్షన్ పైథాన్ ఉన్నా ఇబ్బంది లేదు. దించేది మీ ఇంటి కంప్యూటరుకు సరిపోయేదే. గొలుసులోని ఫైళ్లన్నీ ‘సంచి’ ఫోల్డర్లోకి వస్తాయి. చివరి మాట తప్పకుండా ఉండాలి. అది లేకుండా ప్లాట్‌ఫామ్ చెబితే పిప్ ఒప్పుకోదు. సోర్స్ కోడ్ తెచ్చుకుంటే ఇంట్లో కంపైలర్ (కోడ్‌ను నడిచే ఫైలుగా మార్చేది) లేక మళ్లీ ఆగిపోతారు కూడా.

ఇల్లు చేరేముందే సంచిలోని ఫైళ్ల పేర్లు ఒకసారి చదవండి. ‘సీపీ311’ అంటే పైథాన్ 3.11 కోసం. ‘విన్_ఏఎండీ64’ అంటే 64 బిట్ విండోస్. ఏఎండీ అని ఉన్నా ఇంటెల్ ప్రాసెసర్‌కూ అదే. ‘నన్-ఎనీ’ అని ఉన్నవి ఎక్కడైనా పనిచేస్తాయి. మీ పైథాన్ 3.11 అయి ఫైలు మీద సీపీ312 ఉంటే అక్కడే ఆగి మళ్లీ దించుకోండి. ఐదో ప్రయాణం తప్పుతుంది.

ఇంట్లో ముందు ప్రాజెక్టుకు విడిగా ఒక చోటు చేసుకోవాలి: పైథాన్ -ఎం వెన్వ్ పని. వెన్వ్ అంటే వీ, ఈ, ఎన్, వీ నాలుగక్షరాలు. ‘పని’ అనే ఫోల్డరు పుడుతుంది. పని\స్క్రిప్ట్స్\యాక్టివేట్ అని కొట్టి అందులోకి వెళ్లండి. పవర్‌షెల్‌లో స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదని ఎర్రర్ వస్తే, సెట్టింగులు మార్చే పని పెట్టుకోకుండా మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే ఆదేశం ఇవ్వండి. తరువాత:

పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ సంచి -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ

నో-ఇండెక్స్ అంటే నెట్ వైపు చూడవద్దని. అంతా పనిచేశాక ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చి, వచ్చిన జాబితాను ఫైలుగా దాచుకోండి. అందులో ప్రతి లైబ్రరీ కచ్చితమైన వర్షన్ నంబరుతో ఉంటుంది. కాలేజీ కంప్యూటర్లో చూపించాల్సి వస్తే ఆ జాబితా, సంచి, మీ కోడ్ తీసుకెళ్లి అక్కడ మళ్లీ వెన్వ్ చేసుకోండి. ‘పని’ ఫోల్డరునే కాపీ కొట్టి తీసుకెళ్తే నడవదు. మీ ఇంటి కంప్యూటర్లోని దారులు దానిలో రాసి ఉంటాయి.

ఇంకో మాట. పైథాన్ కొత్త వర్షన్ విడుదలైన కొన్ని నెలల దాకా కొన్ని లైబ్రరీలకు దానికి సరిపోయే వీల్ ఫైళ్లు (ముందే కట్టి సిద్ధంగా ఉంచినవి) రావు. అప్పుడే ‘మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి’ అనే ఎర్రర్ కనిపిస్తుంది. కొన్ని జీబీల కంపైలర్ దించేకంటే ఒకటి రెండు వర్షన్లు వెనకటి పైథాన్ వేసుకోవడం మేలు. ఇంట్లో విండోస్ 7 ఉంటే మాత్రం 3.8 దాటి వెళ్లలేరు. 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు.

ప్రశ్న: రాయగడలో బట్టల షాపు మాది. పాత బిల్లింగ్ ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లో ‘ఎంఎస్‌కామ్‌సీటీఎల్.ఓసీఎక్స్ రిజిస్టర్ కాలేదు’ అంటోంది.

జవాబు: అది విజువల్ బేసిక్ 6 కాలపు ప్రోగ్రాము, అంటే 32 బిట్. పాత కంప్యూటర్లో పనిచేస్తున్న ఆ ఫైలునే తెచ్చి కొత్త కంప్యూటర్ సిస్‌వావ్64 ఫోల్డర్లో పెట్టండి. కమాండ్ ప్రాంప్ట్‌ను రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సిస్‌వావ్64 ఫోల్డర్లోకి వెళ్లి, అక్కడున్న రెగ్‌ఎస్‌వీఆర్32 అనే ఆదేశంతోనే ఆ ఫైలును రిజిస్టర్ చేయండి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే 0ఎక్స్80004005 లాంటి ఎర్రర్ వస్తుంది. పాత కంప్యూటర్ పారేసే ముందు ఆ ప్రోగ్రాము ఫోల్డరు, దాని సెటప్ సీడీ కాపీ, డేటా ఫైలు మూడూ భద్రం చేయండి.

ప్రశ్న: బరంపురంలో శుభలేఖలు, ప్రశంసాపత్రాలు అచ్చువేస్తాం. ఎక్సెల్‌లోని పేర్లు తీసుకుని సర్టిఫికెట్ బొమ్మ మీద రాసే చిన్న పైథాన్ ప్రోగ్రాము మా అబ్బాయి చేశాడు. ఇంగ్లీషు పేర్లు బాగానే వస్తున్నాయి. తెలుగులో ‘శ్రీలక్ష్మి’ అంటే పొల్లులూ అక్షరాలూ విడివిడిగా పడుతున్నాయి. ఒడియాలో కూడా యుక్తాక్షరాలు విడిపోతున్నాయి. ఫాంట్లు నాలుగు మార్చి చూశాం.

జవాబు: ఫాంటు తప్పు కాదు. పేరును ఒక్కసారి దగ్గరగా చూడండి. ‘శ్రీ’ అనే ఒక్క ముద్ర కంప్యూటర్లో నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ నాలుగింటినీ కలిపి శకారం కింద క్రావడి, పైన గుడిదీర్ఘం చేర్చి ఒకే అక్షరంగా కూర్చే పని ఫాంటుది కాదు, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. ఆ కూర్పు జరగకపోతే శ మీద పొల్లు, పక్కన మామూలు సైజులో రీ పడుతుంది. ‘క్ష్మి’కి మూడు హల్లులు కాబట్టి ఇంకా ఘోరంగా విడిపోతుంది. ఒడియాలో మీరు చూస్తున్నదీ ఇదే. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పడితే చాలు కాబట్టి అక్కడ తేడా తెలియదు.

మీ అబ్బాయి వాడింది బొమ్మల మీద పనిచేసే పిల్లో లైబ్రరీ అయి ఉంటుంది. పిల్లోలో అక్షరాలు పేర్చే పద్ధతులు రెండు. ‘బేసిక్’ పద్ధతి సంకేతానికో బొమ్మ చొప్పున వరసగా పెడుతుంది. ‘రాక్మ్’ పద్ధతి హార్ఫ్‌బజ్‌ను పిలిచి కూర్పు చేయిస్తుంది. రాక్మ్ అందుబాటులో ఉంటే పిల్లో దాన్నే వాడుతుంది, లేకపోతే నోరు మెదపకుండా బేసిక్‌కు వెళ్లిపోతుంది. ఎర్రర్ రాదు. మీరు ఫాంట్ల మీద అన్ని రోజులు పోగొట్టుకున్నది అందుకే.

నిర్ధారణ ఇలా. పైథాన్ తెరిచి, పీఐఎల్ (ఈ మూడు మాత్రం పెద్ద అక్షరాలు) నుంచి ఫీచర్స్ ఇంపోర్ట్ చేసి, ఫీచర్స్.చెక్("రాక్మ్") అని అడగండి. రాక్మ్ అంటే ఆర్, ఏ, క్యూ, ఎం. ‘ఫాల్స్’ అని వస్తే మనం చెప్పిందే జబ్బు. విండోస్‌కు వచ్చే పిల్లో వీల్‌లో రాక్మ్, హార్ఫ్‌బజ్ లోపలే ఉంటాయి. అవి ఆధారపడే ఫ్రిబిడి అనే మరో చిన్న లైబ్రరీ మాత్రం ఉండదు. దాని డీఎల్‌ఎల్‌ను మనమే సమకూర్చాలి.

విండోస్‌కు ఇలాంటి లైబ్రరీలు అందించేవాటిలో నమ్మకమైన చోటు ఎంఎస్‌వైఎస్2. దాన్ని దాని సొంత సైటు నుంచి వేసుకుని, అందులో మింగ్‌డబ్ల్యూ64 రకం ఫ్రిబిడి ప్యాకేజీ తెప్పించుకుంటే, మింగ్‌డబ్ల్యూ64 లోపలి బిన్ ఫోల్డర్లో లిబ్‌ఫ్రిబిడి-0.డీఎల్‌ఎల్ ఉంటుంది. పేరు మార్చనక్కర్లేదు, పిల్లో ఆ పేరును గుర్తుపడుతుంది. దాన్ని పైథాన్.ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్లో పెట్టండి. వెన్వ్ వాడుతుంటే జాగ్రత్త. వెన్వ్ స్క్రిప్ట్స్ ఫోల్డర్లో కనబడే పైథాన్ అసలుది కాదు, అసలు పైథాన్‌ను లేపే చిన్న ఫైలు మాత్రమే. డీఎల్‌ఎల్ అసలు పైథాన్ పక్కన ఉండాలి. పెట్టాక మళ్లీ అడిగితే ‘ట్రూ’ రావాలి. పైథాన్ 64 బిట్ అయితే డీఎల్‌ఎల్ కూడా 64 బిట్ కావాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడండి. వీటిలో ఏ ఒక్కదానిలోనూ రెండు లిపులూ ఉండవు కాబట్టి తెలుగు వరుసకు ఒకటి, ఒడియా వరుసకు ఒకటి పెట్టాలి. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు, వాటితో ఈ పద్ధతి కుదరదు. అచ్చుకు పంపే ముందు పరీక్షకు ‘శ్రీలక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’, ‘కృష్ణ’, ‘జ్యోత్స్న’ రాసి చూడండి. ఈ నాలుగూ సరిగా పడితే పేర్లలో వచ్చే ఒత్తులు దాదాపు అన్నీ సరిగా పడతాయి. మనిషి పేరు తప్పుగా పడ్డ ప్రశంసాపత్రం ఎవరూ గోడకు తగిలించుకోరు. ప్రోగ్రాము మొదట్లోనే రాక్మ్ ఉందో లేదో అడిగి, లేకపోతే అక్కడే ఆపేసేలా రెండు వరుసలు రాయించండి.

ప్రశ్న: కాశీనగర్‌లో పాత భూమి కాగితాలు స్కాన్ చేసి అక్షరాలు తీయాలని చూస్తున్నాం. కొన్ని తెలుగు, కొన్ని ఒడియా. పైటెస్సరాక్ట్ వేశాం. ‘టెస్సరాక్ట్ ఇన్‌స్టాల్ కాలేదు’ అంటోంది. పిప్ మాత్రం అయిపోయిందంటోంది.

జవాబు: రెండూ నిజమే. పైటెస్సరాక్ట్ ఒక దుబాసీ మాత్రమే. చదివే అసలు ఇంజిన్ టెస్సరాక్ట్ విడి ప్రోగ్రాము, దాన్ని పిప్ తేదు. విండోస్‌కు మాన్‌హైమ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వారి ఇన్‌స్టాలర్ వేయండి. మధ్యలో అదనపు భాషల జాబితా వస్తుంది. అందులో తెలుగు, ఒడియా టిక్ చేయండి. అప్పుడు మరిచిపోతే టెల్.ట్రెయిన్డ్‌డేటా, ఓఆర్ఐ.ట్రెయిన్డ్‌డేటా ఫైళ్లు తెచ్చి టెస్‌డేటా ఫోల్డర్లో పెట్టినా చాలు. ‘టెస్సరాక్ట్ --లిస్ట్-లాంగ్స్’ అంటే రెండూ కనబడాలి. ఆ పైన ప్రోగ్రాములో టెస్సరాక్ట్_సీఎండీకి దాని పూర్తి దారి ఇవ్వండి. విండోస్ కాకుండా ఉబుంటు లినక్స్‌లో అయితే టెస్సరాక్ట్-ఓసీఆర్-టెల్, టెస్సరాక్ట్-ఓసీఆర్-ఓఆర్ఐ ప్యాకేజీలు. రెండు లిపులూ కలిసిన కాగితానికి భాష ‘టెల్+ఓఆర్ఐ’ అని ఇవ్వండి. 300 డీపీఐ కంటే తక్కువకు స్కాన్ చేయకండి. చేతిరాత మాత్రం ఇది చదవలేదు, అచ్చు అక్షరాలకే ఆశ పెట్టుకోండి.

ప్రశ్న: జయపురంలో స్కూలు ల్యాబుకు ఉబుంటు 20.04 వేసి ఉంది. దించుకున్న ఒక ప్రోగ్రాము ‘జీలిబ్‌సీ_2.34 కనబడలేదు’ అంటోంది. ఇంకో డెబ్ ఫైలేమో (ఉబుంటు సెటప్ ఫైలు) డిపెండెన్సీలు, అంటే దానికి కావలసిన లైబ్రరీలు, లేవంటోంది. జీలిబ్‌సీ కొత్తది ఎక్కించవచ్చా?

జవాబు: ఎక్కించకండి. జీలిబ్‌సీ మొత్తం సిస్టమ్‌కు పునాది. ఎల్‌ఎస్ లాంటి చిన్న ఆదేశం నుంచి లాగిన్ దాకా అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. చేత్తో మార్చితే సిస్టమ్ లేవకపోవచ్చు. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31. 22.04లో 2.35, 24.04లో 2.39. మీ ప్రోగ్రామును కొత్త ఉబుంటు మీద కట్టారు, అందుకే వెనకటి దాని మీద నడవనంటోంది. దాని పాత వర్షన్ వెతకండి, లేదా ఫ్లాట్‌పాక్ రూపంలో ఉంటే తీసుకోండి. ఫ్లాట్‌పాక్ తన లైబ్రరీలు తానే తెచ్చుకుంటుంది. వీలైతే వేసవి సెలవుల్లో ల్యాబు మొత్తం కొత్త ఉబుంటుకు మార్చండి.

డెబ్ ఫైలును డీపీకేజీ అనే ఆదేశంతో వేసి ఉంటారు. అది గొలుసులోని మిగతావి తేదు. ఫైలున్న ఫోల్డర్లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./ఫైలుపేరు.డెబ్’ అనండి. ముందున్న చుక్క, గీత మరవద్దు, అవి లేకపోతే ఆప్ట్ నెట్‌లో ఆ పేరు వెతుకుతుంది. ఇప్పటికే సగంలో ఆగినదానికి ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. ఏ ప్రోగ్రాముకైనా ఏ లైబ్రరీ తక్కువైందో తెలియాలంటే ‘ఎల్‌డీడీ’ తరువాత దాని దారి ఇవ్వండి. ‘నాట్ ఫౌండ్’ అని ఉన్న వరుసలే మీకు కావలసినవి. నమ్మకం లేని ఫైళ్ల మీద మాత్రం ఎల్‌డీడీ వాడకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలును నడిపించవచ్చు.

22.04కు మారాక యాప్‌ఇమేజ్ ఫైళ్లు (ఒకే ఫైలుగా వచ్చే ప్రోగ్రాములు) తెరుచుకోకపోతే లిబ్‌ఫ్యూజ్2 వేయాలి. 24.04లో దాని పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. ‘ఫ్యూజ్’ అనే పొట్టి పేరున్న ప్యాకేజీ వేయవద్దు. 22.04లో అది డెస్క్‌టాప్‌కు కావలసిన భాగాలను తీసేయగలదు.

ప్రశ్న: పర్లాకిమిడి, పాతపట్నం షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాము చేసి ఇస్తున్నాను. నా దగ్గర నడుస్తుంది, వాళ్ల దగ్గర ఏదో ఒక లైబ్రరీ లేదంటుంది. ప్రతిసారీ బండేసుకుని వెళ్లాల్సి వస్తోంది.

జవాబు: మీ కంప్యూటర్లో ఏళ్ల తరబడి పోగైన లైబ్రరీలు ఉన్నాయి. ఏది దేనికి వాడుతున్నారో మీకే గుర్తుండదు. కాబట్టి మీ కంప్యూటర్ మీద పరీక్షిస్తే అది పరీక్ష కాదు. మీ దగ్గర విండోస్ ప్రో ఉంటే విండోస్ ఫీచర్లలో శాండ్‌బాక్స్ ఆన్ చేయండి. తెరిచిన ప్రతిసారీ అప్పుడే వేసిన విండోస్ లాగా ఖాళీగా ఉంటుంది. అందులో సెటప్ వేసి బిల్లు కొట్టి, ప్రింట్‌కు బదులు పీడీఎఫ్ తీసి చూడండి. హోమ్ ఎడిషన్ అయితే వర్చువల్‌బాక్స్‌లో ఒక ఖాళీ విండోస్ ఉంచుకోండి.

పైథాన్‌తో చేస్తుంటే దాన్ని ఈఎక్స్‌ఈగా కట్టే పైఇన్‌స్టాలర్‌లో ‘వన్‌డిర్’ (అన్నీ ఒక ఫోల్డర్లో ఉంచే) పద్ధతి తీసుకోండి. ‘వన్‌ఫైల్’ చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, తెరిచిన ప్రతిసారీ లోపలివన్నీ టెంప్ ఫోల్డర్లోకి విప్పుకుంటుంది. పాత హార్డ్‌డిస్క్ కంప్యూటర్లో దానికి చాలా సేపు పడుతుంది, యాంటీవైరస్‌లు కూడా దాన్నే ఎక్కువగా అనుమానిస్తాయి. కోడ్‌లో నేరుగా ఇంపోర్ట్ చేయని లైబ్రరీలను పైఇన్‌స్టాలర్ పసిగట్టలేదు, వాటిని ‘--హిడెన్-ఇంపోర్ట్’తో చెప్పాలి. ఫ్రిబిడి లాంటి విడి డీఎల్‌ఎల్‌లను ‘--యాడ్-బైనరీ’తో ఇవ్వాలి. 32 బిట్ విండోస్ ఉన్న షాపుకు ఇవ్వాలంటే 32 బిట్ పైథాన్ మీదే కట్టాలి.

సెటప్ ఫైలును ఇన్నో సెటప్‌తో చేసి, అందులోనే రీడిస్ట్రిబ్యూటబుల్ ఉంచి, ‘/ఇన్‌స్టాల్ /క్వైట్ /నోరీస్టార్ట్’తో నడిపించండి. షాపాయనకు ఏ ప్రశ్నా రాదు. మీ పాత ప్రోగ్రాము డాట్‌నెట్ 3.5 అడిగితే, నెట్ లేని షాపులో విండోస్ పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్ లోపలి ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరు నుంచి డిస్మ్ ఆదేశంతో వేయవచ్చు. ఆ పెన్‌డ్రైవ్‌లోని విండోస్ వర్షన్, షాపులోని వర్షన్ ఒకటే అయి ఉండాలి.

లైసెన్సు సంగతి కూడా చూసుకోండి, డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి. తెరల కోసం పైక్యూటీ వాడితే అది జీపీఎల్. కోడ్ ఇవ్వకుండా అమ్మాలంటే దాని వాణిజ్య లైసెన్సు కొనాలి. పైసైడ్6 ఎల్‌జీపీఎల్ కింద దొరుకుతుంది. లైబ్రరీ ఫైళ్లను విడిగా ఉంచి, లైసెన్సు పత్రం జతచేస్తే కోడ్ ఇవ్వకుండా అమ్ముకోవచ్చు. ఈ విషయంలోనూ వన్‌డిర్ పద్ధతే మీకు సుఖం.

ఇచ్చిన ప్రతి వర్షన్‌కూ ఒక ఫోల్డరు పెట్టండి. అందులో సెటప్ ఫైలు, పిప్ ఫ్రీజ్ జాబితా, ఆ రోజు దించిన వీల్ ఫైళ్ల సంచి, ఏ పైథాన్‌తో కట్టారో రాసిన చిన్న నోట్ ఉండాలి. రెండేళ్ల తరువాత పాతపట్నం షాపాయన జీఎస్టీ కాలమ్ ఒకటి మార్చమంటే, అదే సంచిలోంచి అదే లైబ్రరీలతో మళ్లీ కట్టి పంపవచ్చు.